బుల్లెట్ నడిపేవాళ్లకు అంత భక్తి ఎక్కడి నుంచి వస్తుంది? చిన్న వ్యాపారానికి అది సాధ్యమేనా?

ప్రశ్న వేసినవారు విశాఖలో ఫిల్టర్ కాఫీ పొడి అమ్ముతున్నారు. రాయల్ ఎన్‌ఫీల్డ్, హార్లీ, ఆపిల్ కొన్నవాళ్లు మామూలు కస్టమర్లలా ఉండరు, ఒక మతంలో చేరినట్టు ఉంటారు. అది ప్రకటనల వల్ల వచ్చిందా, సరుకు నాణ్యత వల్లా, మాలాంటివాళ్లం ప్రయత్నిస్తే వస్తుందా అన్నది ప్రశ్న.

సూటిగా చెబుతాను. ప్రకటనల వల్ల రాదు. నాణ్యత లేకపోతే నిలవదు గానీ, నాణ్యత ఒక్కటే ఉన్నంత మాత్రాన కూడా రాదు. ఆ వస్తువును సరిగ్గా వాడాలంటే ఏదో ఒకటి నేర్చుకోవాలి, అది ముందునుంచీ వాడుతున్న ఇంకొకరి దగ్గర నేర్చుకోవాలి, తర్వాత తను మరొకరికి నేర్పాలి. ఈ మూడూ జరిగేచోట మనుషులు ఒకరికొకరు కట్టుబడతారు. ఆ కట్టుబాటే బయటినుంచి చూసేవాళ్లకు బ్రాండ్ మీద భక్తిలా కనిపిస్తుంది. కంపెనీ చేయగలిగేది వాళ్లకు కలుసుకునే వీలు కల్పించడం, కలిసినదాన్ని చెడగొట్టకుండా ఉండటం. మీకూ సాధ్యమే. కాకపోతే రెండు మూడేళ్లు పడుతుంది, ఆ కాలంలో అమ్మకాల లెక్కలో పెద్దగా ఏమీ కనిపించదు.

మొదట ఒక విషయం పక్కన పెట్టాలి. దసరాకు బుల్లెట్‌కు దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం చూసి "ఇదిగో బ్రాండ్ భక్తి" అని రాసేవాళ్లున్నారు. ఆ పూజ స్ప్లెండర్‌కీ చేస్తారు, ఆటోకీ చేస్తారు, ట్రాక్టర్‌కీ చేస్తారు. అది ఆయుధపూజ, కంపెనీకి దానితో సంబంధం లేదు. రాజస్థాన్‌లో పాలీ, జోధ్‌పూర్ మధ్య రోడ్డు పక్కన ఓం బన్నా గుడిలో 350 సీసీ బుల్లెట్ అద్దాల గదిలో ఉంటుంది, జనం మొక్కుకుంటారు. 1988లో ఆ బండి మీద ప్రమాదంలో పోయిన ఓం సింగ్ రాఠోడ్‌ను, దారిన పోయేవాళ్లను కాపాడే దేవుడిగా కొలుస్తారు. పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లిన బండి మళ్లీ ప్రమాదం జరిగిన చోటికే తిరిగొచ్చిందని అక్కడ చెప్పుకుంటారు. ఆ భక్తి కూడా పోయిన మనిషి మీద, ప్రయాణ భయం మీద నిలిచింది. మీరు అడిగిన భక్తి వేరు, అది ఆదివారం పొద్దున ఆరింటికి పెట్రోల్ బంకు దగ్గర బండ్లు ఆపుకుని నిలబడ్డ గుంపులో ఉంటుంది.

దాని మూలం చూడాలంటే పాత బుల్లెట్‌ను స్టార్ట్ చేసే పద్ధతి చూడాలి. పోత ఇనుప ఇంజను, కుడికాలికి గేర్లు, ఎడమకాలికి బ్రేకు ఉన్న బండ్ల సంగతి చెబుతున్నాను.

తాళం తిప్పితే హెడ్‌లైట్ పైన ఉన్న ఆంపియర్ మీటర్ ముల్లు ఎడమకు పడుతుంది. అంటే పాయింట్లు (ఇంజనులో నిప్పురవ్వ పుట్టించే స్విచ్ కొసలు) కలిసి ఉన్నాయి. కిక్ రాడ్‌ను కాలితో నెమ్మదిగా కిందికి తోస్తూ పోతే ఒకచోట రాయిలా ఆగుతుంది, అది కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి నొక్కుకుపోయే చోటు. అక్కడికొచ్చేసరికి ముల్లు మధ్యకు రావాలి. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న చిన్న డీకంప్రెసర్ లివర్ (ఆ ఒత్తిడిని బయటికి వదిలేది) నొక్కిపట్టి రాడ్‌ను కొంచెం, ఒక అంగుళం మేర, దాటించాలి. లివర్ వదిలేయాలి. రాడ్‌ను పూర్తిగా పైకి రానివ్వాలి. ఆ తర్వాత ఒంటి బరువంతా వేసి ఒకే తోపులో అడుగుదాకా తొక్కాలి. యాక్సిలరేటర్ ముట్టుకోకూడదు. సగంలో కాలు ఆపినా, టైమింగ్, అంటే నిప్పురవ్వ పుట్టే సమయం, ముందుకు జరిగి ఉన్నా కిక్ వెనక్కి కొడుతుంది, చీలమండ వాచిపోతుంది. పాయింట్ల మధ్య సందు 0.35 నుంచి 0.40 మి.మీ. ఉండాలి, అరిగి అది తగ్గిపోతే ఎంత బలంగా తొక్కినా బండి పలకదు.

ఇది పుస్తకం చదివి ఎవరూ నేర్చుకోలేదు. మామయ్య నేర్పాడు, మెకానిక్ నేర్పాడు, లేదా దారిలో బండి ఆగిపోయి నిలబడితే ఇంకో బుల్లెట్‌వాడు ఆగి నేర్పాడు. బలం కంటే ఒడుపు ముఖ్యం కాబట్టి, ఒడుపు తెలిసినవాడికి ఆ గుంపులో గౌరవం. బండి ఒక్క కిక్కుకు అందుకుంటే చుట్టూ ఉన్నవాళ్ల ముఖాల్లో అది కనిపిస్తుంది. కొన్నవాడు ఇక ఆ రోజు నుంచి యజమాని మాత్రమే కాడు, పని తెలిసినవాడు. తను కష్టపడి నేర్చుకున్నదాన్ని ఎవరూ తేలిగ్గా వదులుకోరు, దాన్ని ఎవరైనా తక్కువ చేస్తే తనను అన్నట్టే బాధపడతారు. వాడకందారు కంపెనీ తరఫున వాదించడం ఇక్కడ మొదలవుతుంది.

ఆ శబ్దం సంగతి కూడా ఇంతే. సిలిండర్ వ్యాసం 70 మి.మీ., పిస్టన్ నడక 90 మి.మీ., ఒకటే సిలిండర్, బరువైన ఫ్లైవీల్. అందుకని తక్కువ వేగంలో కూడా ఇంజను ఆగదు, ఒక్కో పేలుడూ విడివిడిగా చెవిన పడుతుంది. వీధి చివర ఉండగానే ఎవరొస్తున్నారో తెలుస్తుంది. గుర్తు దూరం నుంచే అందడం సమూహానికి చాలా అవసరం. చూడకుండానే "మనవాడు" అని తెలియాలి.

ఇప్పుడు చరిత్రలో మీకు పనికొచ్చే ముక్క. ఇంగ్లండులోని రెడ్డిచ్‌లో పుట్టిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ 1901లో మొదటి మోటార్‌సైకిల్ చేసింది, బుల్లెట్ పేరు 1932లో వచ్చింది. 1955లో మద్రాస్ మోటార్స్‌తో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది, తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ పెట్టారు. ఇంగ్లండులో మూతపడ్డాక కూడా మద్రాసులో ఆగలేదు. 1994లో ట్రాక్టర్లు, లారీలు చేసే ఐషర్ చేతికి వచ్చింది. 2000 నాటికి నెలకు సుమారు 2,000 బండ్లే అమ్ముడుపోతున్నాయి. భక్తులు అప్పుడూ ఉన్నారు, ఇప్పటికంటే గట్టి భక్తులు. అయినా కంపెనీ మునిగిపోయే స్థితిలో ఉంది. ఈ వాస్తవాన్ని చాలామంది దాటేస్తారు: భక్తి ఉన్నంత మాత్రాన వ్యాపారం నిలబడదు. నూనె కారే ఇంజనును, కాలు విరిచే కిక్కును ప్రేమించేవాళ్లు ఎప్పుడూ కొద్దిమందే.

ఐషర్ యజమానుల కుటుంబానికి చెందిన సిద్ధార్థ లాల్ బాధ్యత తీసుకున్నాక జరిగిన మార్పే అసలు పాఠం. గేర్లు ఎడమకాలికి వచ్చాయి, బటన్ స్టార్ట్ వచ్చింది, 2008, 2009 నుంచి పోత ఇనుప ఇంజను స్థానంలో కొత్త యూసీఈ ఇంజను (ఇంజను, గేర్‌బాక్సు ఒకే పెట్టెలో ఉండేది) రావడం మొదలైంది, 2009లో క్లాసిక్ అనే మోడల్ వచ్చింది. అంటే నేను పైన చెప్పిన తంతు మొత్తం ఎగిరిపోయింది. పాతవాళ్లు గట్టిగానే గొణిగారు. కానీ 2014లో ఏడాది అమ్మకాలు మూడు లక్షలు దాటాయి. కష్టం తీసేస్తే భక్తి పోవాలి కదా, ఎందుకు పోలేదు?

రెండు పనులు చేశారు. కంటికి, చెవికి తెలిసే గుర్తులు ఉంచేశారు: ట్యాంకు రూపం, దాని మీద చేత్తో గీసిన గీత, మారిన ఇంజనులోనూ అదే 70, 90 మి.మీ. కొలత. ఇంకోటి, పోయిన తంతు స్థానంలో ఇంకో తంతు పెట్టారు. కిక్ ఒడుపు బదులు ప్రయాణం వచ్చింది. ఢిల్లీ నుంచి లద్దాఖ్‌కు వెళ్లే హిమాలయన్ ఒడిస్సీ, గోవాలో రైడర్ మేనియా (2023 నుంచి మోటోవర్స్ అంటున్నారు), ఒకే రోజు అన్ని ఊళ్లలో జరిగే వన్ రైడ్. బటన్ నొక్కి స్టార్ట్ చేసిన కుర్రాడికి కూడా లద్దాఖ్‌లోని ఖార్దుంగ్ లా కనుమ ఎక్కి వచ్చాక చెప్పుకోవడానికి కష్టపడి సంపాదించినది ఒకటి ఉంది.

ఇందులో కంపెనీ సొంతంగా కనిపెట్టింది తక్కువ. బుల్లెట్ క్లబ్బులు అంతకుముందే ఊరూరా ఉన్నాయి, వాటికి బ్రదర్‌హుడ్ ఆఫ్ బుల్లెటీరింగ్ మోటార్‌సైకిల్ కన్సార్టియం అనే ఉమ్మడి వేదిక కూడా ఉంది. వాళ్లు అదే పేరుతో తమ సొంత రైడర్ మేనియాను, కంపెనీది కాకుండా, తమంతట తామే, ఒక్కోసారి ఒక్కో ఊరి క్లబ్బు ఆతిథ్యంలో చేసుకుంటారు. అక్కడి స్లో రేసు చూస్తే సమూహం ఏం కోరుకుంటుందో అర్థమవుతుంది. కాలు నేల మీద పెట్టకుండా అందరికంటే చివర్న చేరినవాడు గెలుస్తాడు. డబ్బున్నవాడు కొత్త మోడల్ కొని గెలిచే పోటీ కాదు అది, క్లచ్ మీద వేళ్ల అదుపు ఉన్నవాడిది.

ఈ విషయాన్ని పరిశోధకులు ఎప్పుడో పట్టుకున్నారు. ఆల్బర్ట్ మ్యూనిజ్, థామస్ ఓగిన్ 2001లో బ్రాండ్ సమూహాలకు మూడు లక్షణాలు చెప్పారు: "మనం ఒకటి, వాళ్లు వేరు" అనే ఎరుక, ఉమ్మడి తంతులు, తోటివాళ్ల పట్ల బాధ్యత. నా అనుభవంలో మొదటి రెండూ డబ్బు పెట్టి కొంతవరకు తేవచ్చు. మూడోది కొనలేం. రాత్రి పదకొండింటికి హైవే మీద క్లచ్ వైరు తెగితే తెలియనివాడి కోసం స్పేర్ వైరు పట్టుకుని నలభై కిలోమీటర్లు వచ్చేవాడుంటే అది సమూహం. లేకపోతే అది కస్టమర్ల జాబితా.

హార్లీ డేవిడ్‌సన్ దీన్ని పద్ధతిగా కట్టింది. 1969 నుంచి ఏఎంఎఫ్ అనే ఇంకో అమెరికన్ కంపెనీ చేతిలో ఉండి పేరు పోగొట్టుకున్న కంపెనీని 1981లో దాని అధికారులే 13 మంది కలిసి కొన్నారు, 1983లో హార్లీ ఓనర్స్ గ్రూప్ పెట్టారు. ఒక్కో చాప్టర్ (స్థానిక శాఖ) ఒక డీలర్ అండతో నడుస్తుంది, పనులు మాత్రం సభ్యులే చేస్తారు. హైదరాబాద్‌లో బంజారా చాప్టర్ అలాంటిదే. గుంపు రైడ్‌లో పని పంచే తీరు గమనించండి: ముందు రోడ్ కెప్టెన్, అతని వెనకాలే కొత్తగా వచ్చినవాడు, చిట్టచివర స్వీప్. కొత్తవాడిని చివర్న పెడితే అందుకోవాలని తొందరపడి పడతాడు, అందుకే ముందు. చివర నడిచే స్వీప్ దగ్గర పంక్చర్ కిట్టు, మందుల పెట్టె ఉంటాయి. ఎవరు ఆగినా అతను ఆగుతాడు. మనిషికి ఒక పని అప్పగిస్తే అతను సభ్యుడవుతాడు, కూపన్ ఇస్తే బేరగాడవుతాడు. 2020 సెప్టెంబరులో హార్లీ భారత్‌లో సొంత తయారీ, అమ్మకాలు ఆపేస్తున్నట్టు ప్రకటించి, ఆ తర్వాత హీరోతో ఒప్పందం చేసుకుంది. కంపెనీ తప్పుకున్నా రైడ్‌లు ఆగిపోవాల్సిన పని లేనిది ఇందుకే, వాటిని నడిపే చేతులు సభ్యులవి.

కంపెనీ పూర్తిగా వదిలేసినా భక్తి బతకడానికి సాక్ష్యం మన వీధుల్లోనే ఉంది. యమహా ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లో ఆగిపోయింది. 98 సీసీ, టూ స్ట్రోక్, ఆ తర్వాత దానికి ప్రకటన అనేది లేదు. ఇప్పటికీ దాన్ని విప్పి, రంగు వేయించి, ఒరిజినల్ పార్టుల కోసం ఊళ్లు తిరిగే కుర్రాళ్లు తెలుగు జిల్లాలన్నిటా ఉన్నారు, వీళ్లలో చాలామంది ఆ బండి ఆగిపోయాక పుట్టినవాళ్లు. ఆపిల్ 1998లో ఆపేసిన న్యూటన్ అనే చేతి కంప్యూటర్ వాడకందారుల మీద మ్యూనిజ్, హోప్ షా చేసిన అధ్యయనంలో ఇంకా విచిత్రం కనిపిస్తుంది. చచ్చిపోయిన బ్యాటరీ దానంతటదే బతికిందని, కష్టకాలంలో నమ్మినవాళ్లకు మేలు జరుగుతుందని, అది మళ్లీ పుడుతుందని ఆ గుంపులో కథలు చెప్పుకునేవారు. అచ్చంగా మతకథల తీరు. ఆ కథలు కంపెనీ రాయలేదు. ఒంటరైన మనుషులు తాము ఎంచుకున్నది తప్పు కాదని ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి పుట్టినవి.

ఇక మీ కాఫీ. ఇది భక్తి పుట్టే రకం సరుకే. వంటనూనె, ఫినాయిల్ లాంటివాటికి ఈ పని మీద డబ్బు పెట్టవద్దనే చెబుతాను, ఎందుకంటే వాటిలో నేర్చుకునే ఒడుపు లేదు. ఫిల్టర్ కాఫీలో ఉంది. 20 గ్రాముల పొడికి 120 మి.లీ. మరిగిన నీళ్లు అనుకుందాం. పొడి మీద చిల్లుల బిళ్లను గట్టిగా అదిమితే అరగంటైనా డికాషన్ దిగదు. అదమకపోతే అయిదు నిమిషాల్లో పల్చటి నీళ్లు దిగిపోతాయి. తేలిగ్గా సమంచేసి, ముందు రెండు చెంచాల నీళ్లతో పొడిని తడిపి, ఒక నిమిషం ఆగి, మిగతాది పోస్తే 15, 20 నిమిషాల్లో చిక్కగా దిగుతుంది. చికోరీ (కాఫీలో కలిపే ఒక వేరు పొడి) ఎక్కువైన కొద్దీ ఇంకా నెమ్మది. ఈ ఒత్తిడి ఎంత అన్నది మాటల్లో చెప్పలేం, పక్కన నిలబడి చూపించాలి. మీ ఆస్తి అదే.

ఇలా మొదలుపెట్టండి.

నాలుగుసార్లకు మించి కొన్నవాళ్ల జాబితా తీయండి. అందులో ఫిర్యాదు రాసినవాళ్లను ముందు ఎంచుకోండి. పట్టించుకునేవాళ్లే ఫిర్యాదు చేస్తారు. ఎనిమిది, పది మందిని పిలవండి, పన్నెండు దాటవద్దు, దాటితే ఉపన్యాసం అవుతుంది. మీ షాపులో పెట్టకండి. ఒక కస్టమర్ ఇంట్లో, ఆదివారం పొద్దున, ఎవరి ఫిల్టర్ వాళ్లు తెచ్చుకోవాలి. ఒకే బ్యాచ్ పొడి అందరికీ ఇస్తే పది రకాల డికాషన్ దిగుతుంది. అక్కడ వాదన మొదలవుతుంది, "మా అమ్మ ఇలా వేసేది" అంటూ. ఆ వాదనే మీకు కావలసింది, మధ్యలో దూరి తీర్పు చెప్పకండి. పొడి ఖర్చు పావుకిలోకు మించదు, పాలకే ఎక్కువవుతుంది. ఆ రోజు అమ్మకం పెట్టకండి, బ్యానరు కట్టకండి. మూడోసారి తర్వాత పిలిచే పని వాళ్లకే వదిలేయండి.

ప్యాకెట్ మీద వేయించిన తేదీ, మర పట్టిన తేదీ, గింజ వచ్చిన ఊరు, చికోరీ శాతం, బ్యాచ్ నంబరు రాయండి. "ఈసారి 14వ బ్యాచ్ కొంచెం పుల్లగా ఉంది" అని వాళ్లు మాట్లాడుకోగలగాలి. అరకు పేరు పెట్టి అందులో చిక్కమగళూరు గింజ కలిపితే అది కూడా రాయాలి. నమ్మినవాళ్లకు అబద్ధం తెలిసిన రోజున వాళ్లు ఊరికే వెళ్లిపోరు, మీకు వ్యతిరేకంగా ప్రచారం చేస్తారు. అంత దగ్గరైనవాడి కోపం మామూలు కస్టమర్ కోపంలా ఉండదు.

లేని కష్టాన్ని కల్పించవద్దు. కావాలని సరుకు తక్కువ చేయడం, "సభ్యులకు మాత్రమే" అని దాచడం కొన్నాళ్లు పనిచేస్తుంది, తర్వాత వెగటు పుడుతుంది. కిక్ ఒడుపు వెనక నిజంగా ఇంజను ఉంది. మీ ఒడుపు వెనక నిజంగా రుచి ఉండాలి.

ఎక్కడ చెడుతుందో చెబుతాను, ఎందుకంటే నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెడిపోయాకే వస్తారు.

వాట్సాప్ గ్రూపులో ఆఫర్లు. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇదే. మొదటి డిస్కౌంట్ కోడ్ పెట్టిన రోజున గ్రూపు సంత అయిపోతుంది. అడ్మిన్లుగా కస్టమర్లే ఉండాలి. మీరు రెండు సందర్భాల్లోనే నోరు విప్పాలి: సరుకులో లోపం గురించి ఎవరైనా అడిగినప్పుడు (ఒక రోజు లోపల), బ్లెండ్ మారుతున్నప్పుడు. ఫిర్యాదును చెరిపేస్తే ఆ పోస్టు కంటే చెరిపేసిన సంగతి ఎక్కువ దూరం పోతుంది.

చెప్పకుండా మార్చడం. 1985 ఏప్రిల్ 23న కోకాకోలా పాత రుచిని తీసేసి కొత్తది పెట్టింది. సుమారు రెండు లక్షల మందికి రుచి చూపించి, కొత్తదే బాగుందని తేల్చుకున్నాకే పెట్టింది. 79 రోజుల్లో పాతది వెనక్కి తెచ్చింది. గుక్కెడు తాగించి ఏది బాగుందని అడిగారు గానీ, పాతది ఇక దొరకదంటే ఏమనిపిస్తుందని సరిగ్గా అడగలేదు. మీరు చికోరీ 20 నుంచి 30 శాతానికి మార్చాల్సి వస్తే ఆరు వారాల ముందు చెప్పండి, పాతవాళ్లకు 50 గ్రాముల నమూనా పంపండి, కారణం ధర అయితే ధర అనే చెప్పండి, పాత బ్లెండ్‌ను కనీసం ఏడాది పాటు ఆర్డర్ మీద ఇవ్వండి.

పాతవాళ్ల పెత్తనం. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. బటన్ స్టార్ట్ బండి కొన్నవాడిని "అది బుల్లెట్టే కాదు" అనడం, బండి నడిపే ఆడవాళ్లను పక్కకు పెట్టడం బైక్ గుంపుల్లో చాలా జరిగింది. మీ దగ్గర అది "చికోరీ తాగేవాళ్లకు కాఫీ తెలియదు" అన్న రూపంలో వస్తుంది. కొత్తవాళ్లు నేర్చుకునే దారి మూసుకుపోతే ఆ గుంపు పదేళ్లలో ముసలిదవుతుంది. పాతవాళ్ల గౌరవం కొత్తవాళ్లకు ఎంత నేర్పారన్న దాన్ని బట్టి ఉండేలా చూడండి. నేర్పే బాధ్యత పేరుపెట్టి అప్పగిస్తే పెత్తనం చాలావరకు తగ్గుతుంది.

లోపాన్ని భక్తితో కప్పడం. నూనె కారితే "కారకపోతే అది బుల్లెట్ ఎలా అవుతుంది" అని మురిసిపోయేవాళ్లుంటారు. ఆ ప్రేమ మీద ఆధారపడి గాస్కెట్ బాగు చేయని కంపెనీ కొత్త కస్టమర్‌ను పోగొట్టుకుంటుంది. అభిమానులు మెచ్చుకున్న బ్యాచ్‌ను కూడా బయటివాళ్లు ముగ్గురితో పేరు చెప్పకుండా రుచి చూపించండి.

పని సాగుతోందా లేదా అన్నది ఫాలోయర్ల లెక్కలో తెలియదు. నెలకోసారి మూడు విషయాలు రాసుకోండి: కస్టమర్ అడిగిన ప్రశ్నకు మీకంటే ముందు ఇంకో కస్టమర్ జవాబు చెప్పినవి ఎన్ని, మీ ప్రమేయం లేకుండా జరిగిన కలయికలు ఎన్ని, ఆ నెల కొత్తగా వచ్చినవాళ్లలో ఒకరు చెప్పగా వచ్చినవాళ్లు ఎందరు. ఏడాది తర్వాత కూడా మొదటి అంకె పెరగకపోతే, జవాబులు మీరే తొందరపడి ఇచ్చేస్తున్నారని అర్థం. కొన్ని గంటలు ఆగి చూడండి.

కాస్త ఊపందుకున్నాక వాళ్లు మీ పేరుతో టీషర్టులు, కప్పులు చేయించుకుంటామంటారు. వద్దనకండి, అలాగని నోటిమాటతో వదిలేయకండి. ముందు మీ పేరును ట్రేడ్‌మార్క్‌గా, కాఫీకి వర్తించే 30వ తరగతిలో, రిజిస్టర్ చేయించండి. టీషర్టులకు 25, కప్పులకు 21 వేరే తరగతులు, అవి తర్వాత చూసుకోవచ్చు. ఒక పేజీ అనుమతి పత్రం చాలు: సభ్యులు తమ వాడకానికి చేయించుకోవచ్చు, లాభానికి అమ్మకూడదు, కంపెనీ తరఫున మాట్లాడుతున్నట్టు చెప్పకూడదు, ముప్పై రోజుల నోటీసుతో అనుమతి వెనక్కి తీసుకోవచ్చు. డిజైన్ మాత్రం వాళ్లదే ఉండనివ్వండి.